కొసరు ఎవరికి దక్కుతోంది?

పాయింట్లు, కార్డులు, క్యాష్‌బ్యాక్‌లతో పెద్ద కంపెనీలు ఖాతాదారుల వెంట పడుతున్నాయి. కొనకనమిట్లలో చిల్లర కొట్టు పెట్టుకున్నవాళ్లు ఆ పోటీలో నిలబడాలంటే ఏమివ్వాలి? ఎంతివ్వాలి? ఎట్లా ఇవ్వాలి?

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. రాష్ట్రమంతా దీన్ని సంక్షేమంగా చూసింది. కొనకనమిట్ల లాంటి మండల కేంద్రంలో కొట్టు నడుపుకునేవాళ్లకు మాత్రం ఇది బేరాల లెక్కనే మార్చేసే సంగతి. ఒక పక్క పొదిలి, ఒక పక్క మార్కాపురం, ఇంకో పక్క కనిగిరి. మూడూ పెద్ద ఊళ్లే, మూడింట్లోనూ పెద్ద కొట్లున్నాయి. నిన్నమొన్నటిదాకా పొదిలి పోయి నెల సరుకులు తెచ్చుకోవాలంటే రానూపోనూ చార్జీలు లెక్కేసుకోవాలి. అక్కడ కిలోకు నాలుగు రూపాయలు తగ్గినా ఆ తగ్గింది బస్సుకే సరిపోయేది. ఊళ్లో కొట్టుకు ఆ చార్జీయే కాపలా. ఇప్పుడా కాపలా లేదు. సంచి పట్టుకుని బస్సెక్కితే చాలు, పొదిలి ధర కొనకనమిట్ల ధరతో నేరుగా తలపడుతుంది.

మరి ఊళ్లో కొట్టుకే మళ్లీ మళ్లీ ఎందుకు రావాలి? ప్రపంచంలోని పెద్ద పెద్ద వ్యాపారాలన్నీ వేసుకునే ప్రశ్న ఇదే. దానికి అవి రాసుకున్న జవాబు పేరు లాయల్టీ ప్రోగ్రామ్. కొన్నప్పుడల్లా పాయింట్లు, పాయింట్లకు బహుమతులు. విమానాల నుంచి పెట్రోలు బంకుల దాకా, బంగారం కొట్ల నుంచి మందుల షాపుల దాకా ఇదే పద్ధతి. ఈ పద్ధతిని మన చిన్న కొట్లు యథాతథంగా ఎత్తుకోవడం పొరపాటని నా అభిప్రాయం. అసలు దీన్ని పట్టించుకోకపోవడం అంతకన్నా పెద్ద పొరపాటు.

కొసరు, ఖాతా

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. కిలో వంకాయలు తూచాక తక్కెట్లో ఇంకొకటి పడేస్తుంది కూరగాయలావిడ. వేయకపోతే "కొసరెయ్యక్కా" అని అడగడం కొనేవాళ్ల హక్కు. కరివేపాకు రెబ్బ, నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు కొత్తిమీర కాడలు ఉత్తినే సంచిలోకి వస్తాయి. పిల్లాడిని చింతపండుకు పంపిస్తే వాడి చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపిస్తాడు కొట్టాయన. రేపు మళ్లీ ఏదైనా కావాలంటే ఆ పిల్లాడు ఏ కొట్టుకు పరిగెత్తుతాడో ఆయనకు తెలుసు.

కొసరు అప్పటికప్పుడు చేతికొస్తుంది. కళ్లముందే పడుతుంది కాబట్టి ఎంత వచ్చిందో తెలుస్తుంది. షరతుల్లేవు, గడువు లేదు, ఫోన్ నంబరు అడగరు. ఇచ్చేవాళ్లకు పడే ఖర్చు పైసల్లో ఉంటుంది. పుచ్చుకున్నవాళ్లకు మాత్రం మనల్ని మనిషిగా చూశారన్న తృప్తి మిగులుతుంది. కోట్లు పెట్టి తయారుచేసిన యాప్‌లు చాలావాటికి ఈ నాలుగు గుణాల్లో ఒక్కటీ ఉండదు.

రెండోది ఖాతా. కొనకనమిట్ల చుట్టుపక్కల డబ్బు నెల జీతంలా రాదు. కంది నూర్చి అమ్మాక కొంత, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్లు అమ్ముడయ్యాక కొంత, గుంటూరు వైపు మిరపకోతలకు పోయినవాళ్లు తిరిగొచ్చాక కొంత. మధ్యలో నెలలకు నెలలు చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు ఇల్లు నడిచేది "రాసుకో అన్నా, పంట డబ్బులు రాగానే ఇస్తా" అన్న మాట మీద. ఆ మాట నమ్మి సరుకు తూచి ఇవ్వడమే ఊళ్లో కొట్టు తన ఖాతాదారుకు ఇచ్చే పెద్ద బహుమతి. ఏ సూపర్ మార్కెట్టూ ఇది ఇవ్వదు. అక్కడ బిల్లు కట్టాకే సంచి కదులుతుంది.

ఈ ఖాతాకే ఇంకో ముఖం ఉంది. ఎరువులు, పురుగుమందుల దుకాణంలో బాకీ పడ్డ రైతు పక్క దుకాణంలో ధర అడగడానికి వెనకాడతాడు. బాకీ ఉన్నచోటే మళ్లీ కొంటాడు, వాళ్లు చెప్పిన మందే తెస్తాడు. కొన్నిచోట్ల పంట కూడా ఆ వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే పోతుంది. ఆ రైతు ఏళ్ల తరబడి అక్కడికే వస్తున్నాడు గదా, ఎంత నమ్మకస్తుడో అనుకుంటే అన్యాయం. ఆయనకు వేరే దారి లేదు. యూరియా కట్ట కావాలంటే ఇంకో సీసా కూడా కొనాలని లింకు పెట్టడం దీనికి బాబాయి వరస.

అందుకే ఏ పథకాన్నయినా ఒక్క ప్రశ్నతో తూస్తాను. ఖాతాదారు ఈ రోజే లేచి వేరే కొట్టుకు పోదలిస్తే, ఇన్నాళ్లూ తాను సంపాదించుకున్నది వెంట తీసుకుపోగలడా? పోగలిగి కూడా ఉండిపోతే అది నమ్మకం. పోలేక ఉండిపోతే అది కట్టుబానిసతనం.

నేతగాళ్ల కొట్టు

ఈ ప్రశ్నకు చరిత్రలో శుభ్రమైన జవాబు ఇచ్చినవాళ్లు ఇంగ్లండులోని రోచ్‌డేల్ ఊరి పనివాళ్లు. వాళ్లలో చాలామంది నేతగాళ్లు. 28 మంది తలా కాస్త డబ్బు పోగేసి 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో ఒక కొట్టు తెరిచారు. అందులో ఉన్నవి వెన్న, పంచదార, పిండి, ఓట్‌మీలు, కొవ్వొత్తులు. అంతే. తూకంలో మోసం ఉండకూడదు, కల్తీ ఉండకూడదు, ధర ఊళ్లో నడిచే ధరే. లాభం మిగిలితే దాన్ని ఎవరు ఎంత కొన్నారో ఆ లెక్కన సభ్యులకే తిరిగి పంచాలి. వాళ్లు దాన్ని డివిడెండ్ అన్నారు. కొన్నదాన్ని బట్టి కొనేవాళ్లకు తిరిగి ఇవ్వడమనే ఆలోచన అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది. నేటి పాయింట్లన్నిటికీ అది ముత్తాత.

వాళ్లు పెట్టుకున్న ఇంకో నియమం నన్ను చాలా ఆలోచింపజేస్తుంది. అరువు లేదు, రొక్కమే. అప్పట్లో అక్కడి పనివాళ్లు కొట్లలో బాకీలు పడి, ఆ కొట్టు పెట్టిన కల్తీ తిండే తినాల్సి వచ్చేది. ఆ ముడి తెంచడానికే రొక్కం నియమం. మన ఊళ్లలో వానదేవుడి మీద బతికేవాళ్లకు అరువు లేని కొట్టు సాధ్యం కాదని నాకు తెలుసు. కానీ అరువిచ్చే చేయి, కొసరిచ్చే చేయి రెండూ ఒకటే అయినప్పుడు రెండింటి లెక్కా విడివిడిగా ఉండాలి. బాకీ ఉన్నందుకు కొసరు ఆపకూడదు. కొసరు ఆశ చూపి బాకీ పెంచకూడదు.

పాలకేంద్రంలో పోసిన లీటర్లను బట్టి ఏడాదికోసారి బోనస్ పంచే పద్ధతి మన పల్లెలకు తెలుసు. అదీ రోచ్‌డేల్ సూత్రమే, కొనేవాళ్ల బదులు అమ్మేవాళ్లకు వర్తించింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు వాటాలు వేసుకుని మండల కేంద్రాల్లో తెరిచిన మహిళా మార్టులకూ ఇదే దారి తెరిచి ఉంది. వాటాను బట్టి కాక, కొన్నదాన్ని బట్టి లాభం పంచితే ఆ కొట్టు సభ్యురాలు సంచి పట్టుకుని పొదిలి బస్సెక్కడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

పదకొండు వాయిదాల బంగారం

మన ఆడవాళ్లకు బాగా తెలిసిన లాయల్టీ పథకం బంగారం కొట్టు స్కీము. నెలకు వెయ్యి చొప్పున 11 నెలలు కడితే, చివర్లో కొట్టువాళ్లు ఇంకో వెయ్యి కలుపుతారు. లేదా తరుగు, మజూరీలో తగ్గిస్తారు. ఈ 11 అంకె ఎక్కడిదో చాలామందికి తెలియదు. 2014లో వచ్చిన కంపెనీల డిపాజిట్ నిబంధనల ప్రకారం, సరుకు ఇస్తామని తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోపు సరుకు రూపంలో తీర్చేయాలి. తీర్చకపోతే అది డిపాజిట్ కింద లెక్క. డిపాజిట్ అంటే బోలెడు ఆంక్షలు. అంతకుముందు ఎక్కువ నెలలు నడిచిన స్కీములు ఆ దెబ్బకు 11 వాయిదాలకు కుదించుకుపోయాయి.

లెక్క చూద్దాం. 11,000 కట్టారు, సగటున ఒక్కో రూపాయి ఆరు నెలలు కొట్టు దగ్గర ఉంది. దానికి వెయ్యి కలిపారంటే ఏడాదికి 18 శాతం వడ్డీతో సమానం. బ్యాంకు కన్నా ఎంతో మేలనిపిస్తుంది. కానీ ఆ డబ్బును డబ్బుగా తీసుకోలేం, ఆ కొట్లోనే నగ కొనాలి. నగ మీద తరుగు ఎంతో చెప్పేది ఆ కొట్టే. తరుగు 14 శాతం వేస్తే 12,000 రూపాయల కొనుగోలులో 1,500 దాకా అందులోనే పోతుంది. పక్క కొట్లో 8 శాతానికి దొరికే నగకు ఇక్కడ 14 కడితే, కలిపిన వెయ్యిలో సగానికి పైగా వెనక్కి పోయినట్టే. కొట్టు మూతపడితే కట్టిన సొమ్ముకు భరోసా ఏమిటన్నది ఇంకో ప్రశ్న.

అయినా ఈ స్కీమును కొట్టిపారేయలేను. నెలనెలా ఇంత తీసిపెట్టాలన్న క్రమం అది నేర్పుతుంది. ఇంట్లో ఉంటే ఖర్చయిపోయే డబ్బు కూతురి చెవుల కమ్మలవుతుంది. చేరేముందు అడగాల్సింది ఒక్కటే: "స్కీము వాళ్లకు తరుగెంత, మామూలుగా కొనేవాళ్లకు తరుగెంత? రాసివ్వండి." రాసిచ్చే కొట్లో చేరవచ్చు.

డబ్బా మూత కింద టోకెన్

ఇల్లు కట్టుకున్నవాళ్లెవరైనా ఇది చూసే ఉంటారు, చూసినా గమనించి ఉండరు. ఇరవై లీటర్ల పెయింటు డబ్బా సీలు తీసి, మూత లేపగానే లోపల చిన్న టోకెన్ ఉంటుంది. పెయింటర్ దాన్ని తీసి, రంగు తుడిచి, చొక్కా జేబులో వేసుకుంటాడు. ఒకప్పుడు దాన్ని రంగుల కొట్లో ఇస్తే డబ్బులిచ్చేవాళ్లు. ఇప్పుడు క్యూఆర్ కోడ్ గీకి, ఫోన్‌తో స్కాన్ చేస్తే పాయింట్లు పడతాయి. వడ్రంగికి జిగురు డబ్బా మీద, ఎలక్ట్రీషియన్‌కు వైరు చుట్ట మీద, మేస్త్రికి సిమెంటు బస్తాల మీద ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి. డబ్బు పెట్టేది ఇంటాయన. పాయింట్లు పోయేది పనివాడికి. ఎందుకంటే ఏ కంపెనీది తేవాలో చెప్పేది పనివాడే.

పనివాళ్లకు ఆ నాలుగు రూపాయలు రావడం మీద నాకు అభ్యంతరం లేదు. రోజుకూలి మీద బతికే మనిషికి అది దసరాకు పిల్లల బట్టలు. అభ్యంతరం గోప్యం మీద. టోకెన్ సంగతి ఇంటాయనకూ తెలిస్తే, "ఈ రంగే ఎందుకు తెమ్మంటున్నావబ్బాయ్?" అని అడిగే వీలుంటుంది.

పురుగుమందుల దగ్గరికొస్తే ఇదే ఏర్పాటు ప్రమాదకరంగా మారుతుంది. ఇంత సరుకు అమ్మితే బంగారు నాణెం, అంత అమ్మితే గోవా, ఇంకా అమ్మితే విదేశీ యాత్ర అని డీలర్లకు టార్గెట్లు పెడతారు. మిరపలో ఆకుముడత వచ్చిందని ఆకు తెంపుకుని వచ్చి చూపించే రైతుకు డాక్టరూ, సలహాదారూ ఆ డీలరే. టార్గెట్‌కు ఇంకో పది పెట్టెలు తక్కువైన వారంలో ఆయనిచ్చే సలహా ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అవసరం లేని మందు చేలో పడుతుంది, ఖర్చు ఖాతాలో పడుతుంది. బహుమతి ఎవరికిస్తున్నామన్నది ఎంతిస్తున్నామన్నదానికన్నా పెద్ద ప్రశ్న. ఈ ఒక్క రంగంలో అమ్మకాల మీద డీలర్ల యాత్రలు ఆపేయాలని గట్టిగా నమ్ముతాను.

పాయింట్ అంటే అప్పు

ఆధునిక పాయింట్ల కథ విమానాలతో ఊపందుకుంది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని పాయింట్లన్న పథకం తెచ్చింది. మిగతా కంపెనీలూ వెంటనే అదే దారి పట్టాయి. ఖాళీగా పోయే సీటును బహుమతిగా ఇస్తే కంపెనీకి పెద్ద ఖర్చు లేదు, పుచ్చుకున్నవాళ్లకు అది వేల రూపాయల టికెట్టు. ఆ తేడాలోనే కిటుకంతా ఉంది. తర్వాత ఆ మైళ్లను బ్యాంకులకు అమ్మడం మొదలెట్టారు. క్రెడిట్ కార్డు వాడినవాళ్లకు బ్యాంకులు వాటిని పంచుతాయి. కరోనా కాలంలో విమానాలు నేలమీదే ఉండిపోతే, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2020లో తన మైళ్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. మన దేశంలో జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. దాని పాయింట్ల పథకం మాత్రం ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని బతికింది.

బ్రిటన్‌లో టెస్కో 1995లో క్లబ్‌కార్డ్ తెచ్చినప్పుడు ఆ సంస్థను ఆశ్చర్యపరిచింది అమ్మకాల కన్నా సమాచారం. ఎవరు ఏ రోజు ఏం కొంటున్నారో మొదటిసారి తెలిసింది. మన కొట్టాయనకు అది ముందే తెలుసు. ఎవరింట్లో షుగర్ పేషెంటు ఉన్నారు, ఎవరి కోడలు కాన్పుకొచ్చింది, ఎవరు కొర్రలు అడుగుతారు అన్నీ ఆయన బుర్రలోనే ఉంటాయి. కంపెనీలు కార్డులిచ్చి కొనుక్కునే జ్ఞానం ఆయనకు ఉత్తినే ఉంది. దాన్ని వాడుకోవడం మీద మాత్రం శ్రద్ధ తక్కువ.

కంపెనీలు పైకి చెప్పని మాట ఒకటుంది. ఇచ్చిన పాయింట్లలో కొన్నిటిని జనం వాడుకోరు. మరిచిపోతారు, గడువు దాటుతుంది, చాలినన్ని పోగుకావు. అలా మిగిలిపోయినవి కంపెనీకి లాభం. కొన్ని పథకాల అల్లికే మరుపు మీద ఆధారపడి ఉంటుంది. పద్దుల నియమాలు మాత్రం నిక్కచ్చిగా ఉన్నాయి. ఇండ్ ఏఎస్ 115 పాటించే కంపెనీలు, వాడుకుంటారని అంచనా వేసిన పాయింట్ల విలువను ఆదాయంలో కలుపుకోకుండా, తీర్చాల్సిన బాధ్యతగా పక్కన చూపాలి. పాయింట్ ఇచ్చారంటే అప్పు పడ్డారన్నమాట.

కార్ల వాషింగ్ కార్డు

2006లో జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు కార్లు కడిగే చోట 300 కార్డులు పంచి చూసిన అధ్యయనాన్ని ప్రచురించారు. సగం మందికి ఎనిమిది గళ్ల కార్డు. ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితం. మిగతా సగానికి పది గళ్ల కార్డు, కానీ రెండు ముద్రలు ముందే వేసి ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవాల్సింది ఎనిమిదిసార్లే. ఖాళీ కార్డు తీసుకున్నవాళ్లలో 19 శాతం మంది చివరిదాకా వచ్చారు. రెండు ముద్రలతో మొదలెట్టినవాళ్లలో 34 శాతం. దారిలో కొంత నడిచేశామన్న భావన మనిషిని ముందుకు నెడుతుంది. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో కాఫీ కార్డు పట్టుకున్నవాళ్లు పదో ముద్ర దగ్గరపడేకొద్దీ తొందర తొందరగా కాఫీకి వచ్చారు. 1999 ప్రపంచకప్పు రోజుల్లో బిస్కెట్ ప్యాకెట్ల మీద పరుగులు అచ్చువేస్తే, వాటిని కత్తిరించి పోగేసిన మన పిల్లలందరికీ ఇది అనుభవమే. ఎనభై పరుగులు చేతిలో ఉండి బహుమతికి దగ్గరపడ్డవాడి ఆకలి వేరు.

ఇదే గుణాన్ని చెడ్డగానూ వాడుకోవచ్చు. 2017లో గూగుల్ తేజ్ యాప్ వచ్చినప్పుడు డబ్బు పంపాక గీకే కార్డు జనానికి భలే నచ్చింది. ఎంతొస్తుందో తెలియకపోవడమే దాని ఆకర్షణ. ఇది లాటరీకి దగ్గరి చుట్టం. ఊళ్లో కొట్టువాళ్లు దీని జోలికి పోకూడదంటాను. అప్పలమ్మకు వంద తగిలి సుబ్బమ్మకు సున్నా వస్తే, రెండోరోజు నుంచి సుబ్బమ్మ ఆ కొట్టు మెట్టెక్కదు.

నాకు తెలిసిన పథకాల్లో తేటగా ఉన్నది ఆర్టీసీ క్యాట్ కార్డు. ఏడాదికి కొంత కట్టి కార్డు తీసుకుంటే టికెట్ మీద 10 శాతం తగ్గింపు. పాయింట్లు లేవు, స్థాయిలు లేవు. కదిలే బస్సులో నిలబడి కండక్టరు ఒక్క చూపులో తేల్చేయగలడు. నియమం ఒక్క వాక్యంలో ఇమిడితేనే పల్లెలో పథకం నడుస్తుంది.

కొనకనమిట్లలో ఒక కొట్టు

ఇప్పుడు అసలు పని. కొనకనమిట్లలో ఒక చిల్లర కొట్టు ఉందనుకుందాం. సగటు ఇల్లు నెలకు 3,000 రూపాయల సరుకు కొంటుంది. నూటికి పది రూపాయలు మిగులుతాయి. ఇందులో ఒక రూపాయి తిరిగిస్తే మిగిలేది తొమ్మిది. పాత లాభం నిలబడాలంటే అమ్మకం 11 శాతం పెరగాలి. రెండు రూపాయలిస్తే 25 శాతం పెరగాలి. ఐదిస్తే రెండింతలు కావాలి. సూపర్ మార్కెట్టును చూసి నూటికి ఐదు తగ్గిస్తానని బోర్డు పెట్టిన చిన్న కొట్టు ఈ లెక్క దగ్గరే కూలుతుంది. కాబట్టి ఒక రూపాయి. అంతకు మించొద్దు.

ఒక రూపాయి అంటే ఏడాదికి ఆ ఇంటికి 360. దీన్ని నెలకు ముప్పై చొప్పున బిల్లులో తగ్గిస్తే ఎవరికీ గుర్తుండదు. సంక్రాంతి ముందు వారంలో సరుకుగా ఇస్తే ఇల్లంతా గుర్తుపెట్టుకుంటుంది. ఈ ప్రాంతంలో సంక్రాంతి నాటికి కంది ఇంకా చేలోనే ఉంటుంది, అరిసెల పాకానికి బెల్లం మాత్రం వెంటనే కావాలి. అల్లుడొస్తాడు, నూనె కావాలి, నువ్వులు కావాలి. చేతిలో డబ్బు ఆడని వారంలో అందిన 360 రూపాయల సరుకు మామూలు రోజుల్లో అందినదానికన్నా ఎన్నో రెట్లు విలువైంది. కొట్టుకు ఆ సరుకు పడేది 324కే.

అయితే ఏడాదిదాకా ఆగమంటే ఎవరూ ఆగరు. పన్నెండు గళ్ల అట్టముక్క చేయించాలి. వెయ్యి రూపాయల సరుకుకు ఒక ముద్ర. మొదటి కార్డులో రెండు ముద్రలు కొట్టే వేసివ్వాలి. పన్నెండూ నిండితే 120 రూపాయల సరుకు, అప్పుడే తీసుకోవచ్చు, పండక్కి దాచుకోవచ్చు. వాటర్ ప్లాంటు వాళ్లు టిన్నుకొకటి చొప్పున టిక్కులు పెట్టే తేదీల కార్డు, నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఇక్కడి పల్లెల్లో వంటగది మేకుకు వేలాడుతూనే ఉంటుంది. ఇదీ దాని పక్కనే వేలాడుతుంది. ఫోన్ అక్కర్లేదు. రోజుకు యాభై రూపాయల సరుకు తీసుకుపోయే కూలి ఇంటివాళ్లకు వెయ్యి ఒక్కసారిగా నిండదు. వాళ్ల కోసం కార్డు వెనక చిల్లర కొనుగోళ్లు రాసే గీతల జాగా ఉండాలి. ఆ జాగా లేని కార్డు ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

నెలకు ఇంత కొంటేనే అన్న షరతు వద్దు. ఒకటో తారీఖున 4,000 పింఛను అందుకుని, అందులో మాత్రలకు పోగా మిగిలినదాంతో టీపొడి, పంచదార కొనుక్కునే అవ్వ ఏ నెలా ఆ గీత దాటదు. ఎరువుల నెలలో రైతు ఇల్లు సరుకులు తగ్గించుకుంటుంది, పెళ్లి నెలలో పది రెట్లు కొంటుంది. నెలజీతం మనుషుల కోసం తయారైన నియమాలు పంటజీతం మనుషులను శిక్షిస్తాయి. గోల్డ్ ఖాతాదారు, సిల్వర్ ఖాతాదారు అని విడదీయడం కూడా వద్దు. అసలే కులాలు, వర్గాలతో చీలి ఉన్న ఊళ్లో కొట్టు ముందు ఇంకో మెట్ల వరస అక్కర్లేదు.

గడువు అసలే వద్దు. పనులు లేక ఇల్లు తాళం వేసి హైదరాబాదో బెంగళూరో పోయినవాళ్లు ఏడాది తర్వాత తిరిగొచ్చి కార్డు చూపిస్తే, ముద్రలు చెల్లాలి. ఊరు వదిలి పోతున్నామంటే ఎన్ని ముద్రలుంటే అన్ని పది రూపాయలు లెక్కగట్టి చేతిలో పెట్టాలి. సంపాదించుకున్నది వెంట తీసుకుపోగలడా అన్న ఇందాకటి ప్రశ్నకు జవాబు ఇదే.

ఇంకొక మేలు కూడా చేయవచ్చు. మాట ఇచ్చిన రోజుకు బాకీ తీర్చినవాళ్లకు ఒక ముద్ర అదనంగా వేయాలి. కొట్టు నిజంగా నష్టపోయేది వసూలు కాని బాకీల దగ్గర. చెప్పిన మాట నిలబెట్టుకున్నందుకు ఇచ్చే ముద్ర కొట్టుకు పది రూపాయల ఖర్చు. ఆ మనిషికి అది ఊళ్లో మర్యాద.

కార్డు ఎంత బాగున్నా పప్పులో రాళ్లుంటే ఎవరూ రారు. డీమార్ట్ పాయింట్ల కార్డులతో పెరిగిన సంస్థ కాదు, రోజూ తక్కువ ధర అన్న ఒక్క మాట మీద పెరిగింది. ఊళ్లో కొట్టు ఆ ధర ఇవ్వలేదు. కానీ ఇక్కడి చేలల్లో పండిన కందులు ఆడించి, ఎవరి కందులో పేరు చెప్పి, శుభ్రంగా చెరిగి అమ్మగలదు. అది పెద్ద కొట్ల వల్ల కాదు.

నంబరు అడిగితే

పట్నం కొట్లలో బిల్లుకు ముందే "మొబైల్ నంబర్ చెప్పండి మేడమ్" అంటారు. సరుకు కొనడానికి నంబరు ఇచ్చి తీరాలనడం తప్పని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణదారులకు స్పష్టం చేసింది. అదే ఏడాది డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలన్నది దాని సారం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంకో ముఖ్యమైన అంశముంది. ఉచితమని చెప్పి దాని ఖరీదును సరుకు ధరలోనే కలిపితే అది అన్యాయపు వ్యాపార పద్ధతి. కానుక ఇస్తామని చెప్పి, ఇచ్చే ఉద్దేశం లేకపోయినా అంతే. మోసం జరిగిందనిపిస్తే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఈ నియమాలు పెద్ద కంపెనీలకే అనుకోనక్కర్లేదు. కొనకనమిట్లలో బక్కెట్ ఉచితమని బోర్డు పెట్టే కొట్టుకూ వర్తిస్తాయి.

పథకం పెట్టబోయే కొట్టాయన ముందుగా చేయాల్సింది కార్డులు అచ్చువేయించడం కాదు, ఒక ఖాతా తెరవడం. 150 ఇళ్లు కార్డులు తీసుకుని, అందరూ పండక్కే దాచుకున్నారంటే సంక్రాంతి వారంలో 54,000 రూపాయల సరుకు బయటికి పోవాలి. ఆ వారంలో హోల్‌సేల్ వ్యాపారి కూడా రొక్కమే అడుగుతాడు. నెలనెలా 4,500 పక్కన పెట్టుకోని కొట్టు జనవరి రెండో వారంలో తలుపు దగ్గరికేసుకుని కూర్చోవాల్సి వస్తుంది, పదేళ్ల పేరు ఆ ఒక్క వారంలో పోతుంది. బాకీ పుస్తకంలో ఎడమ పేజీలో ఊరు కొట్టుకు ఇవ్వాల్సింది రాస్తున్నారు గదా. కుడి పేజీలో కొట్టు ఊరికి ఇవ్వాల్సింది ఇంటింటికీ రాయాలి, అడిగినవాళ్లకు ఆ పేజీ తిప్పి చూపించాలి.